ఓర్పులోని వీరత్వము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ప్రసంగ పాఠము)



ఒక పల్లెలో గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచినదనగా, ఆ పల్లెలో ఇరువదియైదు సంవత్సరములుగా ఊరివారు కాని వారెందరో కాపురమున్నారని అర్థము. వారి పేర్లు పట్వారీ లెక్కలలో ఎన్నడును లేవు. వోటర్ల జాబితాలోను కానరావు. వారు కవులు, కథకులు సృజించిన వ్యక్తులు. అయినను వారు చదువరుల ఇండ్లకు వచ్చిరి, దీపముల వెలుగున కూర్చుండిరి, కొందరి కంట నీరు తెప్పించిరి, కొందరికి నిద్ర లేకుండ జేసిరి. ఆ పాత్రలలో నిజమైన వీరులెవరు, వారి వీరత్వము ఎందున్నది, దానితో ఈ తుంగతుర్తి ప్రాంతమునకు గల సంబంధమేమి అనునదే ఈ ప్రసంగమునకు విషయము.

వీరుడనగానే తెలుగువాని కన్నులయెదుట కత్తి మెరయును. పల్నాటి బాలచంద్రుడు, బొబ్బిలి పాపారాయుడు, సర్వాయి పాపన్న మనస్సునకు వత్తురు. ఒగ్గు డోలు మ్రోగినను, బుర్రకథలో గుమ్మెట పలికినను, జనుల రోమములు నిక్కబొడుచునది యుద్ధ ఘట్టముననే. అది తప్పు కాదు. ప్రాణమునకు తెగించుట సామాన్యమైన గుణము కాదు. కాని గ్రంథాలయపు బీరువాలలో మరియొక తెగ వీరులు కలరు. వారి చేత కత్తి లేదు, క్రింద గుఱ్ఱము లేదు. వారి యుద్ధము ఒక్క ఘడియలో ముగియునది కాదు. ఏండ్ల తరబడి సాగునది. వారి శత్రువు తరచుగా ఎదుట నిలువడు, తమలోపలనే యుండి, “ఇంత కష్టమెందులకు? ఒక్క మాట మార్చుకొనరాదా?” అని మెల్లగా చెవిలో ఊదుచుండును. ఆ మాటకు లొంగకుండుటయే వారి విజయము.

ఈ వీరత్వమునకు రెండు కాళ్ళు. ఒకటి ఓర్పు, రెండవది అంతరాత్మ. ఈ రెంటిని విడదీసినచో ఏమగునో ముందుగా చూడవలెను. ఏలయన ఈ సీమ చరిత్రలో ఓర్పు అను మాట మిక్కిలి అపార్థమునకు గురియైనది.

“ఓర్చినమ్మకు తేటనీరు” అని సామెత. వేసవిలో వాగు ఎండినప్పుడు స్త్రీలు ఇసుకలో చెలిమ తోడుదురు. మొదట ఊరునది బురదనీరు. తొందరపడి ముంచుకొన్నామెకు బురదయే దక్కును. ఒడ్డున కూర్చుండి ఓర్చుకొన్నామెకు తేటనీరు దక్కును. సామెత మంచిది. కాని ఈ సామెతను ఎవరు ఎవరికి చెప్పిరను ప్రశ్న కూడ కలదు. నిజాము పాలన నాటి నల్లగొండ జిల్లా పల్లెలలో వెట్టిచాకిరి యుండెను. చాకలి, మంగలి, కుమ్మరి, మాల, మాదిగ, ఇతర వృత్తులవారును దొర గడియలో కూలి లేకుండ పనిచేయవలసివచ్చెను. అధికారులు వచ్చినప్పుడు రైతు తన బండిని, ఎద్దులను ఉచితముగా కట్టవలసివచ్చెను. “బాంచన్ దొరా, కాల్మొక్కుత” అనునది నిత్యమైన పలుకుబడి. అట్టి వారితో కూడ ఓర్చుకొమ్మనియే చెప్పిరి. ఓర్చుకొనుడు, కర్మ తీరుననిరి.

ఆ ఓర్పు వీరత్వమగునా? ఓర్చినవారిని నిందించుటకు ఎవరికిని అధికారము లేదు. బిడ్డలను బ్రతికించుకొనుటకై తల వంచిన తల్లిదండ్రుల ఓర్పునకు చేతులెత్తి మ్రొక్కవలసినదే. కాని ఇతరుల ఓర్పుతో తన గాదె నింపుకొనువాడు బోధించు ఓర్పు ధర్మము కాదు. అది కాడిక్రింది ఎద్దును మెచ్చుకొనుట వంటిది. ఎద్దు ఓర్చును, కాని ఏ పొలము దున్నుచున్నదో, ఎవరికొరకు దున్నుచున్నదో అది ఎరుగదు. అంతరాత్మ లేని ఓర్పు కాడిక్రింది ఓర్పు. మరి, ఓర్పు లేని అంతరాత్మయో గడ్డిమంట. భగ్గున మండి, అన్నము ఉడుకకముందే ఆరిపోవును. రెండును కలిసినచోట మాత్రమే పొయ్యి మండును, అన్నము ఉడుకును.

ఈ విషయమును ఇటీవలి మనోవిజ్ఞానము కూడ తన రీతిలో పరిశీలించినది. మనోవిజ్ఞానము చాలకాలము మనస్సునకు వచ్చు రోగములను గూర్చియే ఎక్కువగా విచారించెను. భయమెందుకు కలుగును, దిగులెందుకు ముసురును, మతి ఎందుకు చలించును అని ప్రశ్నించెను. 1998లో అమెరికా మనోవిజ్ఞాన సంఘమునకు అధ్యక్షుడుగా నుండిన మార్టిన్ సెలిగ్‌మన్, మనుష్యుని బలములను గూర్చి కూడ అంతే శ్రద్ధతో పరిశోధింపవలెనని పిలుపునిచ్చెను. దీనికే సానుకూల మనోవిజ్ఞానమని పేరు. 2004లో ఆయనయు, క్రిస్టఫర్ పీటర్సన్ అను పండితుడును కలిసి ఒక బృహద్గ్రంథమును వెలువరించిరి. పలు దేశముల మతగ్రంథములను, తత్త్వగ్రంథములను పరిశీలించి, మానవజాతి మెచ్చు సద్గుణములను ఆరు తెగలుగాను, వానిలోని శీలబలములను ఇరువదినాలుగుగాను వింగడించిరి.

ఆ ఆరింటిలో ఒకటి ధైర్యము. దానిక్రింద వారు చేర్చిన బలములు నాలుగు. మొదటిది శౌర్యము, అనగా ఆపదను చూచి వెనుదీయకుండుట. రెండవది పట్టుదల, అనగా అడ్డంకులు వచ్చినను చేపట్టినదానిని విడువకుండుట. మూడవది నిజాయితీ, అనగా లోపల ఒకటి, వెలుపల ఒకటి లేకుండ బ్రదుకుట. నాలుగవది ఉత్సాహము. గమనింపదగినదేమనగా, కత్తిపట్టు శౌర్యము ధైర్యమునందు నాలుగవ పాలు మాత్రమే. ఓర్పుతో నిలుచుట, అంతరాత్మకు లోబడి నడచుట కూడ ధైర్యముననే చేరును.

వీరికి పూర్వమే వియన్నా నగర వైద్యుడు విక్టర్ ఫ్రాంక్ల్ ఈ ప్రశ్నను పుస్తకములలో గాక, నాజీల నిర్బంధ శిబిరములలో ఎదుర్కొనెను. తన వారిని పోగొట్టుకొని, ప్రాణములతో బయటపడి, 1946లో తన అనుభవమును గ్రంథముగా ప్రకటించెను. తప్పించుకొనరాని బాధలో కూడ మనుష్యుడు ఒక అర్థమును కనుగొనగలడని ఆయన చెప్పినది లోకప్రసిద్ధము. దానితోపాటు ఆయన చేసిన హెచ్చరికను చాలమంది మరతురు. తప్పించుకొనగల బాధయైనచో దాని కారణమును తొలగించుటయే అర్థవంతమైన పని. అనవసరముగా బాధపడుట వీరత్వము కాదని ఆయన భావము. ఓర్పును తూచుటకు ఇంతకంటె మంచి తక్కెడ లేదు. ఈ తక్కెడతో ఇప్పుడు కొందరు కథాపాత్రలను చూడవచ్చును.

మొదటి పాత్ర పల్లెపల్లెకు పరిచితమైన హరిశ్చంద్రుడు. రాచకొండ, దేవరకొండ సీమలను రేచర్ల వెలమ ప్రభువులు ఏలిన కాలమున, వారి కొలువుతో సంబంధముగల కుటుంబమునకు చెందిన గౌరన కవి ఈ కథను ద్విపదలో రచించెను. ద్విపద పండితులకే గాక పామరులకును పాడుకొన వీలైన ఛందస్సు. తరువాతి కాలమున బలిజేపల్లి లక్ష్మీకాంతము గారి నాటకము వలన కాటి సీను తెలుగునాట ఊరూర వినబడినది. రాజ్యము పోయెను, ఆలుబిడ్డలు అమ్ముడుపోయిరి, రాజు కాటికాపరియయ్యెను. ఇవన్నియు కష్టములే గాని, పరీక్ష ఇంకను మిగిలియుండెను. పాముకాటున మరణించిన కన్నకొడుకు శవమును భార్యయే మోసికొనిరాగా, ఆ చీకటిలో చూచువాడెవడును లేడు. కాటిసుంకము విడిచిపెట్టినచో అడుగువాడెవడును లేడు. అయినను ఆయన అడిగెను. ఎవరును చూడనిచోట కూడ తన మాటకు తానే సాక్షియగుట అంతరాత్మ యొక్క లక్షణము. గుజరాతులో బాల్యమున ఈ నాటకమును చూచిన గాంధీజీ, అందరును హరిశ్చంద్రునివలె సత్యవంతులు ఏల కారాదని తన్ను తాను పలుమార్లు ప్రశ్నించుకొంటినని ఆత్మకథలో వ్రాసికొనిరి.

అయితే ఈ కథలో చంద్రమతిని మరువరాదు. మాట ఇచ్చినది భర్త. మూల్యము చెల్లించినది ఆమె. తన్ను అమ్ముడని తానే ముందుకు వచ్చిన ధీరురాలైనను, ఆమె ఓర్పునకు తగిన కీర్తి ఆమెకు దక్కలేదు. కావున హరిశ్చంద్రుని మెచ్చునపుడే ఇంకొక ప్రశ్నను కూడ వేసికొనవలెను. ఒకని సత్యమునకు ధర చెల్లించునది ఎవరు? తన నియమమునకై ఇంటి ఆడవారిని, బిడ్డలను ఎండగట్టువాడు అప్పుడప్పుడు చంద్రమతి ముఖమును తలచుకొనుట మంచిది.

రెండవ పాత్ర ఫ్రాన్సు దేశమునకు చెందినది. విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన మహానవలలోని జీన్ వాల్జీన్. 1950లో పక్షిరాజా వారు చిత్తూరు నాగయ్య గారితో నిర్మించిన ‘బీదలపాట్లు’ చిత్రమునకు మూలము ఆ నవలయే. ఆకలితో నున్న అక్క బిడ్డలకొరకు ఒక రొట్టెను దొంగిలించినందుకు అతడు ఐదేండ్లును, పారిపోవ యత్నించినందుకు మరి పదునాలుగేండ్లును, మొత్తము పందొమ్మిదేండ్లు చెరలో మగ్గెను. ఆ పందొమ్మిదేండ్ల ఓర్పు అతనిని వీరుని చేయలేదు, రాయిని చేసినది. అంతరాత్మ నిద్రించుచున్నప్పుడు ఓర్పు మనుష్యుని ఎంత కఠినుని చేయునో హ్యూగో దాపరికము లేకుండ చూపెను. తన వెండి సామానును దొంగిలించినవానిని రక్షించి, వెండి దీపస్తంభములను కూడ ఇచ్చి పంపిన ఒక మతగురువు యొక్క దయవలన అతని అంతరాత్మ మేలుకొనెను.

అసలు పరీక్ష అటుపిమ్మట వచ్చెను. అతడు పేరు మార్చుకొని, పరిశ్రమ స్థాపించి, నగరాధ్యక్షుడై, ఎందరికో అన్నము పెట్టుచుండగా, ఎక్కడనో ఒక అమాయకుని పట్టుకొని, ఇతడే జీన్ వాల్జీన్ అని న్యాయస్థానమున నిలిపిరి. మౌనముగా నున్నచో అమాయకుడు జీవితాంతము చెరకు పోవును, తాను శాశ్వతముగా సురక్షితుడగును. ఒక రాత్రియంతయు అతడు తనతో తాను పోరాడెను. నేను పోయినచో నా మీద ఆధారపడిన కూలీల గతియేమి అని మంచి కారణములు కూడ తోచెను. తప్పు చేయుటకు మంచి కారణములు ఎప్పుడును దొరకును. అయినను మరునాడతడు న్యాయస్థానమునకు వెళ్ళి, జీన్ వాల్జీన్ తానేయని ప్రకటించెను. పందొమ్మిదేండ్ల చెర చేయలేని పనిని ఆ ఒక్క రాత్రి చేసెను.

మూడవ పాత్ర తెలుగు నేలలోనే పుట్టిన రామదాసు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు రాయవేలూరు జైలులో నుండి రచించిన ‘మాలపల్లి’ 1922లో వెలువడెను. నాటి బ్రిటిషు ప్రభుత్వము దానిని నిషేధించెను. మాలవాడలోని ఒక వృద్ధుని కథకు సామ్రాజ్యము భయపడినదనగా, ఆ వృద్ధుని బలమెంతటిదో ఊహింపవచ్చును. రామదాసు భక్తుడు, విచారపరుడు, కష్టించి బ్రతుకువాడు. కొడుకు సంగదాసు కూలివారి న్యాయమైన హక్కును గూర్చి మాట్లాడినందున చౌదరయ్య కొట్టిన దెబ్బకు ప్రాణము విడిచెను. భూమి చేజారెను. మరియొక కొడుకు వెంకటదాసు ధనవంతులను దోచి పేదలకు పెట్టు మార్గమును పట్టెను. కుటుంబమునకు జైలు కూడ తప్పలేదు. ఇన్ని జరిగినను రామదాసు నోట ద్వేషము రాదు.

ఇక్కడ చదువరులు వాదులాడుదురు; వాదులాడవలెను కూడ. రామదాసు ఓర్పు గొప్పదా, వెంకటదాసు ఆగ్రహము గొప్పదా? గ్రంథకర్త ఆ ఇద్దరిని ఒకే ఇంట పుట్టించుట యాదృచ్ఛికము కాదు. ద్వేషము లేని ఓర్పును చూపెను. ఆ ఓర్పును లోకము ఎంత నిర్దయగా వాడుకొనునో కూడ చూపెను. గ్రంథమునకు ‘సంగవిజయము’ అను ఇంకొక పేరు పెట్టెను. చనిపోయిన కుమారునిది విజయమెట్లగును? అతడు లేపిన ప్రశ్న చావలేదు గనుక.

నాలుగవ పాత్ర మన జిల్లావాడే వ్రాసిన పాత్ర. వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో నల్లగొండ జిల్లాయందు జన్మించెను. పేదరికమువలన చదువు సాగక, వంటపని, హోటలుపని చేసి, ప్రూఫులు దిద్ది, స్వయముగా అక్షరమును సాధించెను. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మెను. అనేక పర్యాయములు జైలు పాలయ్యెను. దాశరథి కృష్ణమాచార్యులు తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చిరి. తెలంగాణ పల్లెలలో గ్రంథాలయములను గూర్చి మాట్లాడునపుడు 1961లో కన్నుమూసిన ఈ మహనీయుని తలచుకొనకుండుట ధర్మము కాదు.

ఆయన రచించిన ‘ప్రజల మనిషి’ నవల 1950వ దశకమున వెలువడెను. అందలి కంఠీరవము ఒక వైష్ణవ కుటుంబమున పుట్టిన యువకుడు. ఊరి దొర రామభూపాలరావు మాటయే చట్టముగా చెల్లు కాలము. కంఠీరవము అద్భుతములు చేయడు. ఒక్క దెబ్బతో దొరను కూల్చడు. అతని వీరత్వము నిత్యకృత్యము వంటిది. జనులతో కూర్చుండును, వారి భయమును అర్థము చేసికొనును, చెప్పిన మాటనే మరల ఓపికతో చెప్పును. తన కులము, తన ఇల్లు ఇచ్చు సౌకర్యమును చాలించుకొని అందరి కష్టమును తనదిగా చేసికొనును. ఒక్కనాడు ప్రాణమిచ్చుటకంటె ప్రతిదినము కొంచెము కొంచెముగా తన్ను ఇచ్చుకొనుట కష్టతరము. అందులకే ఆ నవల పేరులో వీరుడను మాట లేదు. మనిషి అను మాట మాత్రమే యున్నది.

ఐదవ పాత్ర ఒక తల్లి. మక్సీం గోర్కీ 1906లో రచించిన ‘అమ్మ’ నవలలోని నీలోవ్న. ఈ నవలను క్రొవ్విడి లింగరాజుగారు తెలుగులోనికి తెచ్చిరి. కార్ఖానా వాడలో కాపురము. త్రాగివచ్చి కొట్టు భర్త. ఏండ్ల తరబడి ఆమె ఓర్చినది. ఆ ఓర్పు పైన చెప్పిన కాడిక్రింది ఓర్పే. భర్త చనిపోయిన పిమ్మట కొడుకు పావెల్ పుస్తకములు చదువుట, స్నేహితులతో మాట్లాడుట చూచి ఆమె భయపడినది. ఆ భయములో నుండియే మెల్లగా అర్థము చేసికొనుట మొదలైనది. కొడుకును పట్టుకొని పోయినప్పుడు కరపత్రములను తన బట్టలలో దాచి కార్ఖానాలోనికి తానే చేర్చెను. వయస్సు మీరిన పిమ్మట అక్షరములు నేర్చుకొనెను. కొడుకునకు సైబీరియా శిక్ష పడగా, అతడు న్యాయస్థానమున పలికిన మాటల ప్రతులను పెట్టెలో పెట్టుకొని ప్రయాణమయ్యెను. రైలుస్టేషనులో పట్టుబడినప్పుడు వానిని జనులకు పంచుచు నిలువబడెను. దెబ్బలకు ఓర్చినదియు ఆమెయే, నిజమునకై దెబ్బలు తినినదియు ఆమెయే. ఓర్చు శక్తి మారలేదు. ఆ శక్తికి యజమాని మారెను. మునుపు భయము యజమాని. ఇప్పుడు అంతరాత్మ యజమాని.

ఈ తల్లి కేవలము కల్పితము కాదు. 1902 మే దినమున వోల్గాతీరమునందలి సోర్మోవా అను పారిశ్రామిక స్థలమున కార్మికులు ఊరేగింపు జరిపిరి. పతాకమును పట్టిన ప్యోత్ర్ జలోమోవ్ అను యువకునికి సైబీరియా ప్రవాసశిక్ష విధించిరి. అతనిని, అతని తల్లి అన్నా జలోమోవాను చూచి గోర్కీ తన పాత్రలను మలచెను. జీవితము పుస్తకమైన విధమిది.

ఇక పుస్తకము తిరిగి జీవితమైన విధమును చూచుటకు సోర్మోవా దాక పోనక్కరలేదు. తుంగతుర్తికి సమీపమునందలి కరివిరాల కొత్తగూడెమున 1931లో ఒక భూస్వామి కుటుంబములో ఒక బాలిక జన్మించెను. ఆమె మల్లు స్వరాజ్యము. పదియో పదకొండో ఏండ్ల ప్రాయమున గోర్కీ ‘అమ్మ’ను చదివి ఆమె ప్రభావితురాలయ్యెను. వెట్టిని మాన్పుడని ఆంధ్రమహాసభ ఇచ్చిన పిలుపునందుకొని, తన కుటుంబపు కట్టుబాటును దాటి, వెట్టి చేయువారికి బియ్యము పంచిపెట్టెను. ఆ గింజలు తన ఇంటివే. ఆ కట్టుబాటు తన వారిదే. తన వారి అన్యాయమును చూచుట పరుల అన్యాయమును చూచుటకంటె ఎంతో కష్టము. పదకొండేండ్ల పిల్లకు అది చేతనైనది. ఆ తరువాత తెలంగాణ సాయుధపోరాటమున ఆమె పాల్గొనుట, ఆమె తలపై పదివేల రూపాయల బహుమతి ప్రకటింపబడుట, 1978లోను 1983లోను తుంగతుర్తి నుండి శాసనసభకు ఎన్నికగుట, 2022 మార్చి 19న మరణించుట చరిత్రకెక్కిన విషయములు. పోరాట మార్గమును గూర్చి భిన్నాభిప్రాయములుండవచ్చును. కాని వోల్గాతీరపు తల్లి ఒకతె పుస్తకములో ప్రయాణము చేసి వచ్చి, ఈ ప్రాంతపు గడిచెరువుల నడుమ ఒక పిల్ల చేత గింజలు పంచిపెట్టించుటకు తోడైనదనుట మాత్రము గ్రంథాలయ ప్రేమికులు మరువరాని సత్యము.

పుస్తకమునకు ఇంత శక్తి ఎట్లు వచ్చును? ఉత్తమమైన నడవడిని చూచినప్పుడు, చదివినప్పుడు గుండెలో ఒక వెచ్చదనము కలిగి, తానును మంచి పని చేయవలెనను కోరిక పుట్టుటను జొనాథన్ హైట్ అను అమెరికా పండితుడు పరిశీలించి, దానికి ఔన్నత్యభావము అనదగిన పేరు పెట్టెను. ఆయనకు సహాయపడిన పాత సాక్ష్యములలో ఒకటి 1771లో థామస్ జెఫర్సన్ వ్రాసిన లేఖ. ఒక మిత్రుడు తన గ్రంథాలయమునకు పుస్తకముల పట్టిక కోరగా, జెఫర్సన్ పట్టికతోపాటు కల్పితకథలను సమర్థించుచు వ్రాసెను. కథ నిజమా, కల్పితమా అనునది ముఖ్యము కాదు. అందలి సత్కార్యము చదువరికి తానును అట్లు చేయవలెనను సంకల్పము కలిగించుటయే ముఖ్యమని ఆయన వాదము.

వాదము బాగున్నది. కాని ఆ జెఫర్సనే తన జీవితాంతము నల్లజాతి బానిసలకు యజమానిగా నుండెను. హరిశ్చంద్ర నాటకమును చూచి కన్నీరు తుడుచుకొని, మరునాటి ఉదయమే వెట్టికి పిలిపించిన దొరలు కూడ ఈ దేశమున లేకపోలేదు. కావున గుండె వెచ్చబడుట వేరు, కాలు కదలుట వేరు. కథ చదివి కలిగిన ఆర్ద్రత విత్తనము వంటిది. దానిని గాదెలో పెట్టుకొన్నవానికి పంట రాదు. ఆ బాలిక విత్తనమును నేలలో వేసెను, అదియే భేదము.

కావున గ్రంథాలయమునుండి పుస్తకము తీసికొనిపోవు ప్రతి చదువరియు, చివరి పుట ముగించిన పిమ్మట మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఈ పాత్ర దేనికొరకు ఓర్చెను, సత్యమును నిలుపుటకా, అన్యాయమును సాగనిచ్చుటకా? ఆ ఓర్పునకు ధర ఎవరు చెల్లించిరి? ఆ పాత్ర మౌనముగా నున్నచో తనకు ఏమి మిగిలియుండెడిది? ఈ మూడింటికి సమాధానము దొరికినచో, ఆ పాత్ర చదువరికి చుట్టమైనదన్నమాట. నాలుగవ ప్రశ్న చదువరి తన్ను గూర్చి తానే వేసికొనును.

వెట్టిచాకిరి గతించినది. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థ నిర్మూలన చట్టము కూడ వచ్చినది. కాని అంతరాత్మకు పరీక్షలు గతింపలేదు. అవి చిన్నవై, ఇంటి గడప దాక వచ్చినవి. ఎన్నికలనాడు చేతిలో పెట్టు నోటు ఒక పరీక్ష. పంచాయితీలో తనవానికొరకు చెప్పవలసివచ్చు అబద్ధపు సాక్ష్యము ఒక పరీక్ష. కట్నము లేనిదే పెండ్లి లేదను పెద్దల మాట ఒక పరీక్ష. పొరుగువానిని కులము పేర దూరముగా కూర్చుండబెట్టుట ఒక పరీక్ష. ఈ చోట్ల కాదు అనుటకు కత్తి అక్కరలేదు; ఒక్క మాట చాలును. ఆ మాట అనిన పిమ్మట వచ్చు ఏకాంతమును, ఎగతాళిని, నష్టమును భరించుటకే ఓర్పు కావలెను. వానలు లేని ఏడు అప్పుల నడుమను బిడ్డల చదువు మాన్పించని రైతు, భర్త పోయినను కూలికి పోయి కుమార్తెను కాలేజీకి పంపు తల్లి ఏ నవలలోను లేరు. ఉన్నచో వారు నీలోవ్న ప్రక్కన కూర్చుండదగినవారు.

గ్రంథాలయమునకు ఇప్పుడున్న బాధ్యత ఇదియే. చేతిలోని ఫోను క్షణమునకొక క్రొత్త వీరుని చూపి, మరుక్షణము మరపించుచున్న కాలమిది. ఓర్పును గూర్చిన కథకు ఓర్పుగల చదువరి కావలెను. కాబట్టి ఈ పుస్తకములు బీరువాలో అందమునకు నిలిచియుండరాదు. చదువురాని పెద్దలకు సాయంకాలము చదివి వినిపించు యువకులు కావలెను. విన్న పిమ్మట రామదాసు చేసినది సరియా, వెంకటదాసు చేసినది సరియా అని అరుగులమీద వాదన జరుగవలెను. బడిపిల్లలకు, ముఖ్యముగా ఆడపిల్లలకు, పుస్తకము అడుగుటకు సంకోచము లేకుండవలెను. ఏ పుస్తకము ఏ పిల్ల చేతిలో ఏమగునో ముందుగా ఎవరు చెప్పగలరు? కరివిరాలలో ఆ బాలిక చేతికి పుస్తకము వచ్చిననాడు కూడ ఎవరును చెప్పియుండలేరు.

రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమునకు చేరువరకు ఇందలి పాత్రలు ఈ గ్రామమున సుఖముగా కాపురముండుగాక! వారి ఓర్పు గ్రామమునకు బలమును, వారి అంతరాత్మ గ్రామమునకు వెలుగును ఇచ్చుగాక!